తుఫాను షెల్టర్లో స్క్వాష్

బందరు నుంచి గుడివాడ వెళ్ళే బస్సులో ఒకసారి పక్కన కూర్చున్నావిడ, ఏం చేస్తుంటావమ్మా అని అడిగింది. స్క్వాష్ నేర్పిస్తానండీ అన్నాను. ఆవిడ ఎంతో ఇష్టంగా నా వైపు తిరిగింది.

"మా కోడలు ద్రాక్షతో చేస్తుందమ్మా. సీసాల్లో పోసిపెడితే వేసవంతా వస్తుంది. నువ్వు దేంతో చేస్తావు?"

అది తాగేది కాదనీ, ఒక ఆట అనీ, నాలుగు గోడల గదిలో ఇద్దరు మనుషులు చిన్న రబ్బరు బంతిని వంతులవారీగా గోడకేసి కొడతారనీ చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "బయట ఇంత చోటు పెట్టుకుని గదిలో ఎందుకమ్మా?" అంది. నేను చెప్పబోయేలోపు గుడ్లవల్లేరు వచ్చింది. ఆవిడ అక్కడ దిగిపోయింది.

మాది దివిసీమ. నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే చేపలవేట ఊళ్ళలో ఒకటి. ఉప్పెన వచ్చినప్పుడు నేను అమ్మ కడుపులో ఉన్నాను. మా వైపు వయసు అడిగితే ఇప్పటికీ ఉప్పెనకి ముందా, తర్వాతా అనే అడుగుతారు. ఆ తర్వాత నాన్నకి బందరులో ఒక ఆసుపత్రి బండి నడిపే పని దొరికితే అక్కడికి మారిపోయాం. అమ్మ అదే ఆసుపత్రిలో ఆయా. క్రిస్మస్‌కి మాత్రం అందరం ఊరు చేరేవాళ్ళం.

అమ్మ ఆఖరి తమ్ముడు మద్రాసులో ఒక పెద్దవాళ్ళ క్లబ్బులో మార్కరుగా పనిచేసేవాడు. సభ్యులకి జోడీ దొరకనప్పుడు వాళ్ళతో స్క్వాష్ ఆడటం, వాళ్ళ పిల్లలకి నేర్పడం, పాయింట్లు చెప్పడం, కోర్టు తుడవడం అతని పని. నాకు పన్నెండో ఏడు నడుస్తుండగా ఆ క్రిస్మస్‌కి వస్తూ ఒక పాత రాకెట్టు తెచ్చాడు. మా చర్చి వెనక గోడ నున్నగా ఉండేది. ఇద్దరం దానికేసి కొట్టడం మొదలుపెట్టాం. కాసేపటికి పాస్టరు అయ్యగారు లోపల్నుంచి వచ్చారు.

"ఏమిటోయ్ ఆ చప్పుడు? లోపల స్త్రీల కూడిక జరుగుతోంది."

"అయిపోయాకే ఆడుకుంటాం అయ్యగారూ," అన్నాడు మావయ్య.

అయ్యగారు లోపలికి వెళ్ళబోయి ఆగారు. "ఆ పిల్లని ఇంకోసారి కొట్టమను," అన్నారు. నేను కొట్టాను. తిరిగొచ్చిన బంతిని మళ్ళీ కొట్టాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం మావయ్య అమ్మతో, "అక్కా, దీన్ని నాతో పంపు," అన్నాడు.

"ఆడపిల్లని ఆటలకి పంపానంటే నలుగురూ ఏమంటారురా?"

"చదువుకి పంపానని చెప్పు. చదివిస్తాను కూడా."

నాన్న మధ్యలో కలగజేసుకున్నాడు. "అసలు అదేమంటుందో అడగండి," అన్నాడు. వెళ్తానన్నాను. ఆట మీద ప్రేమేమీ కాదు. మద్రాసు రైలెక్కాలని ఉంది, అంతే.

క్లబ్బు వెనక పనివాళ్ళ క్వార్టర్లలో ఒక గదీ వంటిల్లూ మావయ్యది. అత్తా, వాళ్ళ చంటిపిల్లా, నేనూ. సభ్యులు రాకముందే, తెల్లవారుతుండగా మావయ్య నన్ను కోర్టులోకి తీసుకెళ్ళేవాడు. స్క్వాష్ బంతి చల్లగా ఉంటే లేవదు. కొట్టీ కొట్టీ వేడెక్కిస్తేగానీ దానికి ప్రాణం రాదు. ఎదురు గోడకి అడుగున ఒక రేకు బిగించి ఉంటుంది. బంతి తక్కువ ఎత్తులో వెళ్ళి దానికి తగిలితే ఢబ్బున మోగుతుంది, పాయింటు పోతుంది. మొదటి నెలంతా నేను ఆ రేకు మోగిస్తూనే ఉన్నాను. మావయ్య విసుక్కునేవాడు కాదు. ఒకే మాట మళ్ళీ మళ్ళీ చెప్పేవాడు.

"కొట్టి చూస్తూ నిలబడకు. కొట్టగానే మధ్యలోకి వచ్చెయ్యి. అక్కడుంటే ఏ మూలైనా నీకు దగ్గరే."

ఒకరోజు అడిగాను. "పోటీల్లో నువ్వెందుకు ఆడవు మావయ్యా? ఇక్కడ నీకంటే బాగా ఆడేవాళ్ళు ఎవరూ లేరుగా."

"జీతం తీసుకుని ఆడేవాళ్ళని మొదట్లో రానిచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు రానిచ్చినా నా మోకాళ్ళు రానివ్వవు," అని నవ్వాడు. తర్వాత తుడుపు గుడ్డ తీసుకుని నేల మీద నా చెమట తుడిచాడు, ఎందుకంటే సభ్యులు వచ్చే వేళయింది.

నన్ను పోటీలకి పంపింది ఆ క్లబ్బులోనే ఆడే ఒక డాక్టరమ్మ. ఓ ఉదయం ఆవిడ తొందరగా వచ్చి మా ఆట చూసింది. మావయ్య బెదిరిపోయి, "మా అక్క కూతురండీ, ఇప్పుడే వెళ్ళిపోతాం," అన్నాడు. ఆవిడ నన్నే చూస్తూ, "ఎక్కడికి వెళ్ళిపోతారు? ఆడనివ్వండి," అంది. వాళ్ళమ్మాయి బూట్లు నాకు సరిపోయాయి. ఆ బూట్లతోనే మొదటి జూనియర్ పోటీ ఆడి గెలిచాను. తర్వాతి ఏళ్ళు చదువు ఒక చేత్తో, ఆట ఒక చేత్తో నడిచాయి. డిగ్రీ అయ్యేసరికి చదువు చెయ్యి ఖాళీ అయింది. ఆటే వృత్తిగా పెట్టుకున్నాను.

వృత్తి అంటే బందరులో అందరూ ఏదో వైభవం అనుకునేవాళ్ళు. నిజానికి మలేషియాలో, హాంకాంగ్‌లో చిన్న చిన్న టోర్నమెంట్లు. పోటీ పెట్టినవాళ్ళు ఎవరో ఒకరి ఇంట్లో చోటిచ్చేవాళ్ళు. అసలు పోటీకి ముందు అర్హత రౌండ్లు ఉండేవి. చాలాసార్లు అక్కడే ఓడిపోయి మర్నాడు విమానం ఎక్కేదాన్ని. తిరిగొచ్చి మద్రాసులో పిల్లలకి నేర్పుకుంటూ మళ్ళీ సాధన. కానీ నాకది ఇష్టం. కోర్టు తలుపు మూసుకున్నాక లోపల వినపడేవి బంతీ, బూట్లూ, ఇద్దరి ఊపిరీ మాత్రమే. అక్కడ నేను ఎవరి కూతురినో ఎవరూ అడగరు.

కౌలాలంపూర్‌లో ఒకసారి, నేను పత్రికల్లో ఫోటోలు చూసి దాచుకున్న ఒక అమ్మాయి మీద గెలిచాను. ఇంట్లో ఫోను లేదు. మా వీధి చివర ఎస్టీడీ బూత్‌కి చేస్తే అది నడిపేవాడు నాన్నని పిలిపించాడు. నాన్న రొప్పుకుంటూ వచ్చి, "ఏమైందమ్మా?" అన్నాడు. గెలిచానన్నాను. "అన్నం తిన్నావా?" అన్నాడు. బూత్‌లో ఉన్నవాళ్ళకి ఆయన ఏదో చెప్పడం, వాళ్ళు చప్పట్లు కొట్టడం వినిపించింది.

బొంబాయిలో ఒక మ్యాచ్ మధ్యలో, ముందుకి ఉరికి బంతి అందుకోబోతుంటే వెనకనుంచి ఎవరో మడమ మీద తన్నినట్టయింది. కోపంగా వెనక్కి తిరిగి చూశాను. వెనక ఎవరూ లేరు. నాతో ఆడుతున్న అమ్మాయి చాలా దూరంలో నోరు తెరుచుకుని నిలబడి ఉంది. నేను ఇంకో అడుగు వెయ్యబోయి పడిపోయాను. మడమ వెనక నరం తెగిపోయింది. ఆపరేషన్ చేసిన డాక్టరు, నడుస్తావు, మెల్లగా పరిగెత్తుతావు కూడా, ఇదివరకటిలా ఆడటం మాత్రం కష్టం అన్నాడు. మంచి మనిషి, నెమ్మదిగానే చెప్పాడు. అయినా ఆ మాట ఎంత నెమ్మదిగా చెప్పినా ఒకటే.

బందరు చిలకలపూడిలో మా అద్దె ఇంట్లో కాలికి పట్టీతో పడుకుని, ఫ్యాను చూస్తూ చాలా రోజులు గడిపాను. చూడ్డానికి వచ్చినవాళ్ళు, ఇప్పటికైనా పెళ్ళి చెయ్యండి అని అమ్మకి చెప్పి వెళ్ళేవాళ్ళు. నాన్న మాత్రం రోజూ సాయంత్రం నన్ను లేపి వీధి చివరదాకా నడిపించేవాడు. ఒకరోజు అక్కడికి చేరి, ఇంక నడవలేనని ఏడ్చాను. నాన్న ఏమీ ఓదార్చలేదు. "రోడ్డు మధ్యలో బండి ఆగిపోతే దిగి నెడతాం. ఇప్పుడు అదే చేస్తున్నాం," అన్నాడు. పక్క కొట్లో సోడా కొట్టించి ఇచ్చాడు. తాగి వెనక్కి నడిచాను.

నడక కుదుటపడ్డాక గుడివాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఆటలు నేర్పే పీడీ ఉద్యోగం వచ్చింది. మొదటిరోజే గ్రౌండు ఎక్కడుందండీ అని అడిగాను. ప్రిన్సిపాల్ గారు కిటికీలోంచి చూపించారు. అక్కడ కాలేజీ బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి.

"ఆటల పీరియడ్ టైమ్ టేబుల్లో ఉంటుంది మేడం. ఉండటం వరకే," అన్నారాయన. ఆ పీరియడ్‌లో పిల్లలు ఎంసెట్ లెక్కలు చేసుకునేవాళ్ళు, నేను వాళ్ళు మాట్లాడుకోకుండా చూసేదాన్ని.

అలాంటి రోజుల్లో మా ఊళ్ళో పెళ్ళికి వెళ్ళాం. చర్చిలో రద్దీగా ఉంటే నేను బయటికొచ్చి ఊరి చివరదాకా నడిచాను. అక్కడ తుఫాను షెల్టర్ ఉంది. ఉప్పెన తర్వాత కట్టిన కాంక్రీటు మేడ, లావుపాటి స్తంభాల మీద. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. ఆరోజు మెట్లెక్కి కిటికీ ఊచల్లోంచి లోపలికి చూశాను. పొడుగాటి హాలు. ఒక మూల ఎవరివో ధాన్యం బస్తాలు, విరిగిన బల్లలు, గబ్బిలాల వాసన. అవతలి చివర ఒక్క కిటికీ కూడా లేని పెద్ద గోడ. దాన్ని చూస్తుంటే నా కుడి చెయ్యి దానంతటదే పిడికిలి బిగించింది.

తాళం ఊరి ప్రెసిడెంటు గారి దగ్గర ఉంది. వెళ్ళి అడిగాను.

"ఏం ఆటమ్మా అది? టెన్నిసా?"

"కాదండీ. టెన్నిస్‌కి మధ్యలో వల ఉంటుంది. దీనికి ఎదురుగా గోడ ఉంటుంది."

"వల ఉంది కాబట్టి మన ఊరు బతుకుతోంది. గోడతో ఏం బతుకుతారమ్మా?" అని నవ్వారాయన. నవ్వుతూనే తాళం తీసిచ్చారు. "ఒకటే మాట. హెచ్చరిక వచ్చిందంటే హాలు ఖాళీగా, శుభ్రంగా ఉండాలి."

"మేమే ఊడ్చి, నీళ్ళు పట్టి పెడతామండీ," అన్నాను. మేము ఎవరమో నాకింకా తెలీదు.

తర్వాత ఆదివారం చర్చి అయ్యాక పిల్లలు పోగయ్యారు. బస్తాలు వాటి ఆసామి ఇంటికి చేరాయి. గోడకి పెచ్చులూడిన చోట సిమెంటు పూయించాం. పక్క కిటికీలకి పాత పడవ చెక్కలు అడ్డం కొట్టాం. రేకు కోసం చేపల ఐసు పెట్టె మూత ఒకటి దొరికింది; అది క్లబ్బులో రేకు కంటే గట్టిగా మోగేది. మావయ్యకి ఫోను చేస్తే, సభ్యులు వదిలేసిన రాకెట్లకి కొత్త తీగలు కట్టి పార్సిల్ పంపాడు. శనివారం మధ్యాహ్నం గుడివాడలో బస్సెక్కి, పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా ఊరు చేరేదాన్ని. ఆదివారం సాయంత్రం తిరిగి వచ్చేదాన్ని. మా ఉక్కకి బంతి వేడెక్కించాల్సిన పనే లేదు. ఎండాకాలంలో అది కుందేలు పిల్లలా ఎగిరేది.

ఆ పిల్లల్లో ఒక అమ్మాయి ఉండేది. తండ్రి సముద్రం మీద వేటకి వెళ్తాడు, తల్లి నాగాయలంకలో చేపలమ్ముతుంది. పదకొండేళ్ళుంటాయేమో. మిగతావాళ్ళు బంతిని చూసేవాళ్ళు. ఈ పిల్ల అవతలివాళ్ళ భుజం చూసేది, బంతి ఎటు రాబోతోందో ముందే అటు కదిలేది. అది నేర్పితే వచ్చేది కాదు. నాకు మాత్రం ఎవరికీ చెప్పుకోలేనంత సంతోషం.

ఒక ఆదివారం ఆ పిల్ల నాయనమ్మ మెట్లెక్కి వచ్చింది. గుమ్మంలో నిలబడి గోడా, రేకూ, కిటికీలకి కొట్టిన చెక్కలూ అన్నీ చూసింది.

"ఇది దేనికి కట్టారో తెలుసా నీకు?" అంది నాతో.

"తెలుసండీ."

"తెలిస్తే ఇందులో గంతులెయ్యవు. మేం పోగొట్టుకున్నవాళ్ళ పేరు మీద కట్టారమ్మా ఇది. ప్రాణాలకి కట్టారు, ఆటలకి కాదు."

మనవరాలి చెయ్యి పట్టుకుని దిగిపోయింది. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? ఆ పిల్ల తర్వాతి వారం రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

ఒకరోజు నేనే వాళ్ళింటికి వెళ్ళాను. ముసలావిడ ఇసకలో వల పరిచి ఎండుచేపలు తిరగేస్తోంది. నేనూ పక్కన కూర్చుని తిరగేయడం మొదలుపెట్టాను. ఒక వరస తిరగేశాక ఆవిడే మాట్లాడింది. ఉప్పెన రోజు తాటిచెట్టు పట్టుకుని ఉన్న సంగతి చెప్పింది. ఒక పిల్లాణ్ణి చీరకొంగుతో నడుముకి కట్టుకుంది. ఇంకో ఇద్దరిని పట్టుకోవడానికి చేతుల్లేవు. కట్టుకున్న పిల్లాడే ఈ అమ్మాయి తండ్రి. నేను ఆట ఊసు ఎత్తలేదు. పొద్దు వాలాక చేపలు బుట్టలోకి ఎత్తి వచ్చేశాను. ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా కాసేపు ఆవిడ దగ్గర కూర్చునేదాన్ని.

ఆ ఏడు కార్తీకంలో వాయుగుండం అన్నారు. శనివారం నేను ఊళ్ళో దిగేసరికి జీపులో మైకు తిరుగుతోంది. అందరూ షెల్టర్‌కి వెళ్ళాలని చెప్తున్నారు. మామూలుగా మా ఊళ్ళో సగంమంది కదలరు. ప్రతిసారీ చెప్తారు, ప్రతిసారీ ఎటో వెళ్ళిపోతుంది అంటారు. పైగా ఇదివరకు ఆ హాలు ఎప్పుడూ మురికి, తాళం ఎవరి దగ్గరుందో తెలీదు. ఈసారి నేను వెళ్ళేటప్పటికే పిల్లలు హాలంతా కడిగేశారు, డ్రమ్ముల్లో నీళ్ళు నింపారు. ఇంటింటికీ తిరిగి, "మా కోర్టుకి రండి, చాపలేశాం," అని పిలుస్తున్నారు. పిల్లలు పిలిస్తే పెద్దవాళ్ళు నవ్వుకుంటూ కదిలారు. నాయనమ్మ ఒక కోడిని గంపలో పెట్టి ఎత్తుకుని, మనవరాలి వెనక మెట్లెక్కింది.

మర్నాడు పగలంతా వాన. గాలికి కిటికీ చెక్కలు దడదడలాడాయి. చంటిపిల్లలు ఏడుస్తున్నారు, పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. ముసలావిడ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉంది. కోడి గంపని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. ఉన్నట్టుండి కళ్ళు తెరిచి మనవరాలితో, "ఏదే, ఆ కొట్టేదేదో కొట్టు. చూస్తాను," అంది.

అందరూ జరిగి సగం హాలు ఖాళీ చేశారు. ఆ పిల్లా, ఇంకో అమ్మాయీ ఆడారు. మొదట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. రేకు మోగిన ప్రతిసారీ ఒకరు పాయింటు పోగొట్టుకుంటారని కాసేపటికి కనిపెట్టారు. ఇంక అది మోగినప్పుడల్లా హాలంతా ఒక్క గొంతుతో "పోయింది" అనేది. ప్రెసిడెంటు గారు కూడా అన్నారు. నాయనమ్మ బంతి ఎటు వెళ్తే అటు తల తిప్పుతూ చూసింది. ఆవిడ చేతులు గంపని వదిలేశాయి.

తుఫాను మమ్మల్ని తప్పించి ఉత్తరానికి వెళ్ళిపోయింది. కొన్ని ఇళ్ళ కప్పులు లేచిపోయాయి, మనుషులకి ఏమీ కాలేదు. దిగి వెళ్ళేటప్పుడు ముసలావిడ నా దగ్గర ఆగింది.

"మూసిపెడితే దీంట్లో గబ్బిలాలే చేరతాయి. పిల్లని పంపిస్తాను. మోకాళ్ళు కనపడే బట్టలు మాత్రం వెయ్యొద్దు."

"సరేనండీ," అన్నాను.

రెండేళ్ళ తర్వాత ఆ పిల్లని హైదరాబాదులో జూనియర్ పోటీలకి తీసుకెళ్ళాను. కింద ప్యాంటు, పైన టీషర్టు. కోర్టు వెనక గోడ అద్దంతో ఉంటుందని చెప్పాను గానీ, చెప్పడం వేరు. మా హాల్లో వెనక గోడ చాలా దూరం. దాటిపోయిన బంతి పోయినట్టే, మెట్ల మీదనుంచి ఏరుకు రావాలి. ఇక్కడ దాటిపోయిన బంతి అద్దానికి తగిలి మళ్ళీ ముందుకి వస్తుంది, దాన్ని కొట్టొచ్చు. ఆ సంగతి ఆ పిల్ల కాళ్ళకి తెలీదు. చాలా త్వరగా ఓడిపోయింది. బయటికొచ్చి నా పక్కన కూర్చుంది. ఏడుస్తుందేమోనని చూశాను.

"మేడం, పోయిందనుకున్న బంతి కూడా తిరిగొస్తుందా?"

"వస్తుంది."

"అయితే ఇంకా చాలా ఆడొచ్చు," అంది. తర్వాత రెండ్రోజులూ అక్కడే కూర్చుని, వెనక గోడకి తగిలిన బంతుల్నే చూసింది.

నాలుగు గోడలు కావాలని నాకు అప్పుడు గట్టిగా అనిపించింది. మా కాలేజీలో చదివే ఒకమ్మాయి తండ్రికి గుడివాడలో రైసు మిల్లు ఉంది. ఒక గోడౌను వాడకుండా వదిలేశారు. వెళ్ళి అడిగితే ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఒక ఆదివారం కారు వేసుకుని మా ఊరు వచ్చి, షెల్టర్లో పిల్లల ఆట చూసి, ఆ చేపల పెట్టె మూత మీద వేలితో కొట్టి చూసి, అప్పుడు ఒప్పుకున్నారు. గోడౌన్లో కొలతల ప్రకారం గోడలు లేచాయి. వెనక అద్దం లేదు గానీ గోడ ఉంది, చిన్న తలుపు ఉంది. ఇప్పటికీ వానాకాలం వస్తే అక్కడ ఊక వాసన వేస్తుంది. ఆ పిల్ల ఇంటర్ చదవడానికి గుడివాడ వచ్చి హాస్టల్లో చేరింది. మా ప్రిన్సిపాల్ గారు ఆమెకి మాత్రం ఆటల పీరియడ్‌లో బయటికి వెళ్ళడానికి అనుమతిచ్చారు. క్రమంగా ఆమె వెంట ఇంకో నలుగురికి కూడా.

ఆ ఏడు రాష్ట్ర పోటీల్లో ఆమె గెలిచింది. కప్పు పట్టుకుని ఊళ్ళో దిగితే నాయనమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఉప్పు పోసుకోవడానికి బాగుంటుంది అంది.

నాకు మాత్రం ఆ తర్వాత వచ్చిన ఒక ఉదయం ఎక్కువ గుర్తుంటుంది. గోడౌన్లో మేమిద్దరమే ఉన్నాం. మడమ నొప్పి లేని రోజు కదా అని, పాయింట్లు పెట్టి ఆడదామా అన్నాను. నాకు తెలిసిన ఎత్తులన్నీ వేశాను. మూలలకి పంపాను, వెనక్కి లేపాను, రేకు మీద వేలెడు ఎత్తులో ఆపాను. ఆమె ప్రతిదానికీ అక్కడ ఉంది. చివరి బంతి నా తల మీదుగా వెళ్ళి వెనక మూలలో చచ్చిపోయింది. నేను తిరిగేలోపు ఆట అయిపోయింది.

ఆమె నా మొహంలోకి అనుమానంగా చూసింది. "మేడం, కావాలని వదిలేశారా?"

"లేదు."

"నిజంగా?"

"నిజంగా. ఇంకో ఆట ఆడదాం, నువ్వే చూడు."

రెండోదీ ఓడిపోయాను. గోడకి ఆనుకుని కింద కూర్చుంటే నవ్వొచ్చింది. ఆమె కూడా కూర్చుంది. ఇద్దరం ఊపిరి తీసుకున్నాక తలుపు తాళం వేసి, స్టేషన్ రోడ్డులో పెసరట్టు తినడానికి వెళ్ళాం. దారంతా ఆమె నా బ్యాక్‌హ్యాండ్‌లో ఏం తప్పుందో చెప్తూ నడిచింది. నేను వింటూ నడిచాను.